ఆకైతే మందు, పువ్వైతే కేసు

విజయనగరం నుంచి పాతపట్నం వెళ్లడానికి రెండు దారులున్నాయి. గుణుపురం పాసింజరు ఎక్కితే నేరుగా దింపుతుంది, కాకపోతే అది సాయంత్రం గాని రాదు. తొందరున్నవాళ్లు రైల్లో శ్రీకాకుళం రోడ్డు దాకా వెళ్లి, ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్సుకి చేరి, అక్కడ బస్సు పట్టుకోవాలి. మూడో దారి గంజాయి సదస్సు మీదుగా వెళ్తుంది. నేను వెళ్లింది ఆ దారినే.

మా సుగుణప్పకి వెన్నులో కేన్సరు. మా వైపు అక్కని అప్ప అంటాం. చెయ్యగలిగిన వైద్యమంతా చేసి, "ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అని పంపేశారు. ఏ నొప్పికైనా అందరికీ రాసే మాత్రలే ఆవిడకీ రాశారు. అప్ప పాతపట్నంలో మా బాప్టిస్టు చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. సారా కొట్టు ముందు బైఠాయించి పాటలు పాడిన మనిషి. "మందు" అనే మాట చెవిన పడితే దగ్గుమందు సీసానైనా అనుమానంగా చూసేది. ఆ మనిషి ఒక పొద్దున నాకు ఫోన్ చేసింది.

"ఒసే రూతూ, గంజాయిని మందుగా ఇస్తన్నారట కదే. కెనడాలో ఒప్పేసుకున్నారని బావ పేపర్లో సదివినాడు. మీ ఊళ్లో దొరుకుతాదేటి, సూడు. సిగ్గిడిసి అడుగుతన్నాను. రాత్రిళ్లు కన్ను మూతపడ్డం నేదు."

ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గంజాయి ఎక్కడ దొరుకుతుందో నాకంటే మా పదో తరగతి వెనక బెంచీకే బాగా తెలుసు. అయినా చట్టానికి లోబడ్డ పౌరురాలిని కదా, మా ఊరి కాలేజీ గోడకి కట్టిన ఫ్లెక్సీ చూసి ఆశపడ్డాను. "వైద్యానికి గంజాయి: అవునా, కాదా?" అని రాసుంది. కింద ఇంకాస్త పెద్ద అక్షరాల్లో, "భోజన సదుపాయం కలదు."

గురువారం నుంచి సెలవు పెట్టి, సంచీలో రెండు చీరలు సర్దుకుని పదింటికల్లా హాల్లో కూర్చున్నాను. జ్యోతి వెలిగించేసరికి పదకొండైంది. శాలువలు కప్పుకోవడానికి ఇంకొంత పట్టింది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు గంజాయి గుణాలు మన ఋషులకి ఎప్పుడో తెలుసన్నారు. ఏ ఋషికి తెలుసో మాత్రం చెప్పలేదు. తర్వాత లాయరు గారు లేచి, చట్టం దృష్టిలో ఆకు గంజాయి కాదు, పువ్వున్న కొసలే గంజాయి అని వివరించారు. అంటే ఆకైతే మందయ్యే అవకాశం ఉంది, పువ్వైతే కేసు. మొక్కకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, రెండిటినీ ఒకే కొమ్మకి తొడుగుతోంది. ఆ వెనకే ఆయుర్వేద వైద్యులొకరు, "శాస్త్రంలో దీని పేరు విజయ. కాబట్టి విజయనగరంలో ఈ చర్చ జరగడం దైవసంకల్పం" అనేసరికి చప్పట్లు మోగిపోయాయి. చివర్లో రిటైరైన పోలీసు అధికారి, యువత ఏమైపోతుందని కంటతడి పెట్టుకున్నారు. యువత ఆఖరి వరసలో ఫోన్లు చూసుకుంటోంది.

నేను చెయ్యెత్తాను. "మా అప్పకి నొప్పి. ఇవాళ ఏం చెయ్యమంటారు?"

"చాలా మంచి ప్రశ్న" అన్నారు అధ్యక్షులు. "సమయాభావం వల్ల భోజనాలకి లేద్దాం."

భోజనాల వరసలో నా వెనక ఒకావిడ నిలబడింది. ఆపరేషన్ల ముందు మత్తిచ్చే డాక్టరట. "మీ అక్కగారికి మార్ఫిన్ మొదలెట్టారా?" అని అడిగింది.

"అది నల్లమందు కదండీ!" అన్నాను. నా గొంతులో అచ్చం స్త్రీల సమాజమే పలికింది.

"నల్లమందు నుంచి తీసేదే. దాన్ని మందుగా వాడ్డానికి చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. అనుమతుల గొడవకి జడిసి ఎవరూ ఉంచరు, రాయరు. వైజాగులో నొప్పికి చూసే క్లినిక్ ఉంది, తీసుకురండి. గంజాయి కొందరికి వాంతులకీ ఆకలికీ పనికొస్తుందంటారు, కాదనను. కానీ ఉన్న మందివ్వకుండా లేని మందు గురించి కొట్టుకుంటే ఎలా?" అని, క్లినిక్ ఫోన్ నంబరు నాకిచ్చి, పప్పు వేయించుకుని వెళ్లిపోయింది. పొద్దున్నుంచి ఆ హాల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే, అది కూడా మైకులో రాలేదు.

ఒంటిగంట దాటాక రైలెక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో టీ తాగి పాతపట్నం బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో ఒక ముసలమ్మ, ఒళ్లో గుడ్డ చుట్టిన సీసాతో కూర్చుంది. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా బస్సు ఆపి ఇద్దరు కానిస్టేబుళ్లు ఎక్కారు. గంజాయి కొండల మీంచి దిగుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. వీళ్లు కొండల వైపు పోతున్న బస్సును సోదా చేస్తున్నారు. దిగే బస్సుల్లో జనం ఎక్కువ, తొక్కిడి భరించలేరు కాబోలు.

"ఏటమ్మా అది?"

"గంజి బాబూ."

ఇంజిను రొదలో అతనికి వినపడాల్సిన దానికంటే ఒక అక్షరం ఎక్కువ వినపడింది. "గంజాయా!" అని అరిచాడు. బస్సు మొత్తం లేచి నిలబడింది.

"గంజిరా నాయనా, గంజి! దారిలో దాహానికని మా కోడలు పోసిచ్చినాది. నీ సెవుల్లో ఏటెట్టుకున్నావు?"

అతను మూత తీసి వాసన చూశాడు. పులిసిన గంజి. మొహం పక్కకి తిప్పుకుని దిగిపోయాడు. ముసలమ్మ నాకు కూడా ఒక గుక్క ఇచ్చింది, ఉప్పు సరిపోయింది.

పాతపట్నంలో దిగేసరికి పొద్దు వాలుతోంది. దానియేలు బావ బస్టాండుకి వచ్చాడు, మనిషి సగమైపోయాడు. ఇంట్లో అప్ప గోడకి ఆనుకుని, పళ్లు బిగించి నవ్వింది. మంచం అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయి ఉన్నాయి.

"తెచ్చినావేటే?"

లేదన్నాను. లాయరు గారు చెప్పిన ఆకూ పువ్వూ సంగతి మాత్రం చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. నేను వచ్చేదాకా ఆగలేక, ఆంధ్రా పొలిమేర అవతల ఎవరినో బతిమాలి బావే తెచ్చేశాడు. పాలలో మరగబెట్టి తాగించాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏటవుద్ది! చాన్నాళ్ల తరవాత రెండు ముద్దలు తిన్నాను. అంతలో పాస్టరు గారొచ్చి ప్రార్థన మొదలెట్టినారు. 'ప్రభువా, ఈ సహోదరి' అన్నారో నేదో, నాకు నవ్వొచ్చేసినాదే. ఆపుకోనేకపోనాను. పరిశుద్ధాత్మ దిగినాదని ఆయన ఇంకా గట్టిగా ప్రార్థించేసినారు."

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వితే వెన్ను లాగి, అప్ప నవ్వు మధ్యలోనే మూలుగైంది.

"మరి నొప్పి?"

"నొప్పి ఎక్కడికీ పోనేదే. అక్కడే ఉన్నాది. నానే దానికి కాస్త ఎడంగా ఎల్లి కూకున్నాను, అంతే. ఇంకొద్దు. ఆకో పువ్వో ఈ మనిషికి తెలీదు. పువ్వైతే ఈయన్ని లోపలేసేస్తారు. అప్పుడు నన్నెవుడు సూస్తాడు?"

"ఆకే అన్నాడు ఇచ్చినోడు" అని బావ గొణిగాడు. "ఎండిపోయినాక నాకేటి తెలుస్తాది?"

అంత పెద్ద చట్టం చివరికి వచ్చి మా బావ కంటిచూపు మీద ఆగింది. నేను డాక్టరమ్మ మాట చెప్పాను. నల్లమందు అనగానే బావ లెంపలేసుకున్నాడు.

"డాక్టరమ్మ మందు సీటీ రాస్తాది కదా?" అంది అప్ప. "సీటీ ఉంటే పాపమో కాదో పాస్టరు గారినే తేల్సుకోమను. నన్ను మాత్రం తీసుకెల్లు."

మర్నాడు పొద్దున్నే గుణుపురం నుంచి వచ్చే పాసింజరు ఎక్కాం. ఎదుటి సీటాయన బుగ్గలో ఖైనీ పెట్టుకుని, గంజాయికి చట్టం ఒప్పుకుంటే దేశం మత్తులో మునిగిపోతుందని పెట్టె మొత్తానికి ఉపన్యాసం ఇస్తున్నాడు. అప్ప కాసేపు ఓపిక పట్టింది. "నాయనా, దేశం సంగతి తరవాత సూద్దుం. ఆ కాలు కాస్త తియ్యి, నాను నడుం వాల్సుకుంటాను" అంది. ఆయన చటుక్కున లేచి, సీటంతా ఇచ్చేసి, వైజాగు దాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. మనిషి మంచివాడే, అభిప్రాయాలే అలా ఉన్నాయి.

క్లినిక్కులో బోలెడు ప్రశ్నలడిగారు, బోలెడు సంతకాలు పెట్టించుకున్నారు. చివరికి మాత్ర ఇచ్చారు. ఇంత చిన్న బిళ్ల. దీని కోసం మా అప్ప నెలల తరబడి దిండు కొరుక్కుంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీద మండాలో తెలియక గోడ మీద పోస్టరుని కోపంగా చూశాను.

సాయంత్రం మళ్లీ అదే పాసింజరు. ఈ దారిన వెళ్లబోయేవాళ్లకి నా సలహా ఒకటే, చాపా నీళ్లూ తెచ్చుకోండి, సదస్సుల్ని నమ్ముకుని బయల్దేరకండి. గంజాయిని మందుగా ఒప్పుకోవాలో వద్దో పెద్దలు తేలుస్తారు, తేల్చనీయండి. ఒప్పుకుంటే మంచిదే, అప్ప తిన్న ఆ రెండు ముద్దలు నేను మర్చిపోను. ఒప్పుకున్నాక మార్ఫిన్ లాగే దాన్ని కూడా అల్మారాలో పెట్టి తాళం వేస్తారేమోనని నా భయం.

కొత్తవలస దాటాక అప్ప పాస్టరు గారి సంగతే మళ్లీ చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయింది. కంగారుపడి వంగి చూశాను. నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, సన్నగా గురక కూడా.

విజయనగరం వచ్చింది. "స్టేషనొచ్చినాది, దిగవేటే?" అని బావ గుసగుసగా అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. బండి కదిలింది. నా టికెట్టు విజయనగరం దాకానే. టీసీ వస్తే ఏం చెప్పాలా అనుకుంటూ, లైటు వెలుగు అప్ప కళ్ల మీద పడకుండా కొంగు అడ్డం పెట్టాను.