తలకు నూనె పెడతానన్న అవ్వ

ఈ రోజు ధర్మవరంలో హిందూపురం ప్యాసింజర్ ఎక్కి, వారం రోజులుగా భయపడుతూ చదువుతున్న నవల తెరిచాను. దారి తప్పిన పిల్లలను బాగుచేస్తామని పెట్టిన బడిలో వాళ్లను పెట్టే హింస గురించిన కథ. ఒక పేజీ దగ్గర కళ్లు తుడుచుకోక తప్పలేదు.

ఎదురు సీట్లో పట్టుచీరల మూట ఒళ్లో పెట్టుకున్న అవ్వ చూసింది.

"ఏమ్మా, ఏంటికి ఏడుస్తాండావు?"

కథ చెప్పాను. చెబితే ఇంకా కొడతారన్న భయంతో, చూడటానికి వచ్చిన తల్లితో అందులో ఒక పిల్లవాడు బాగున్నానని అంటాడని కూడా చెప్పాను. అవ్వ ఒళ్లోని మూటను దగ్గరికి లాక్కుంది.

"నా మనవడు పెనుకొండ హాస్టల్లో ఉండాడు. ఎప్పుడు ఫోన్ చేసినా బాగుండా అవ్వా అంటాడు."

"ఇది ఎవరో కల్పించి రాసిన కథ అవ్వా," అన్నాను.

"అట్లేలేమ్మా."

కానీ పెనుకొండ రాగానే మూట తీసుకుని లేచింది. ఆమె టికెట్టు హిందూపురం దాకా ఉంది, చీరలు ఇవ్వాల్సిందీ అక్కడే.

"సాయంత్రం ఇస్తాలే. ఈ పొద్దు ఆదివారం, పిల్లోళ్లను చూడనిస్తారు."

"అడిగితే మళ్లీ బాగుండాననే అంటాడేమో."

"అడిగేదెందుకు? తలకు నూనె పెడతా రా అని సొక్కా ఇప్పిస్తా. ఈపు కనపడదా?"

పుస్తకం బ్యాగులో పెట్టేశాను. ఊరికే ఉన్న మనిషిని కంగారు పెట్టానని హిందూపురం దాకా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ మనవడు ఈపాటికి నూనె కారుతున్న తలతో అవ్వను విసుక్కుంటూ ఉంటే చాలు. మీరైతే ఆ కథ చెప్పేవారా?