కాఫీ లెక్కలోకి రాదు

మా ఇంట్లో కాఫీని ఎవరూ ఆహారం కింద లెక్కపెట్టరు. ఏకాదశికి మెతుకు ముట్టని మా అత్తగారు రెండుసార్లు కాఫీ తాగి, "ఇంకా ఏం తినలా" అంటారు. వాషర్‌మెన్‌పేటలో మా మామగారి కొట్టు షట్టరు లేచేది కూడా తొలి కాఫీ తరువాతే. అందుకే, నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని డాక్టరు మాత్ర రాసి "పొద్దున్నే ఖాళీ కడుపుతో" అన్నప్పుడు మాకందరికీ ఒకటే అర్థమైంది. టిఫినుకు ముందు.

అప్పుడు నేను పురసవాక్కంలో ఒక బడిలో లెక్కల టీచర్ని. ఆ పనంటే నాకు ప్రాణం. అదే చేజారిపోతోందని భయం పట్టుకుంది. మే నెల కత్తిరి ఎండల్లో ఊరంతా ఉడికిపోతుంటే నాకు చలి. తిండి తగ్గిస్తే ఒళ్ళు పెరిగింది. బోర్డు మీద లెక్క సగం చేసి, తరువాతి మెట్టు గుర్తురాక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయేదాన్ని.

రక్తపరీక్షలో ఐరన్ తక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ. థైరాయిడ్ మందగిస్తే ఒంట్లో పొయ్యి సన్నసెగ మీదికి పోతుందట. కొవ్వు కరగదు, తిన్న ఐరన్ కూడా సరిగా ఒంటబట్టదు. అందుకని ఐరన్ మాత్ర ఒకటి, ఎముకలకు కాల్షియం మాత్ర ఒకటి వచ్చి చేరాయి. మా అత్తగారు మూడింటినీ చిన్న స్టీలు గిన్నెలో వేసి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నేను మింగేదాకా అక్కడే నిలబడేవారు.

థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచారు. మళ్ళీ పెంచారు. గుణం లేదు. ఉచిత సలహాలకు మాత్రం కొదవ లేదు. రాత్రి అన్నం మానెయ్యమని ఒకరు, పార్కులో నడవమని ఒకరు. మా ఆడబిడ్డయితే, "సుమ్మా ఊరికే కూర్చున్నా నిద్రేనా వదినా?" అని నవ్వింది. బద్ధకం అన్న మాట ఒక్కటే ఎవరూ పైకి అనలేదు. అంత చలిలోనూ నాకు ఒళ్ళు మండిపోయేది.

పిల్లల ముందే కుర్చీలో కునుకు పట్టిన రోజున, సిగ్గుతో నేనే ఉద్యోగం మానేశాను.

ఆ తరువాత వెళ్ళిన కొత్త డాక్టరమ్మ, అంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది. మాత్ర దేంతో మింగుతున్నారని.

నేను నోరు తెరిచేలోగా అత్తగారు గర్వంగా అందుకున్నారు. "నేనే ఇస్తా డాక్టర్. మూడు మాత్రలూ ఒక్కసారే, కాఫీతో. ఖాళీ కడుపే, ఇంకేం పెట్టను."

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఐరన్, కాల్షియం కడుపులోనే థైరాయిడ్ మందును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవట. కాఫీ కూడా అడ్డమే. మాత్ర మింగాక గంటసేపు నీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. మిగతా రెండూ నాలుగు గంటలు ఆగాకే. నీరసానికని మింగిన మాత్రలే నా నీరసానికి కాపలా కాశాయన్నమాట! ఈ ఒక్క ముక్క చెప్పడానికి అంతకుముందు ఎవరికీ నోరు రాలేదు.

తిరుగు ఆటోలో అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "నా చేత్తోనే చెడగొట్టినానా మా?"

"మీకెట్ట తెలుస్తుంది అత్తా," అన్నాను. లోపల మాత్రం కోపం కుతకుతలాడుతోంది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

ఇప్పుడు చలి పోయింది. ఒళ్ళు తేలికైంది. లెక్కలో తరువాతి మెట్టు దానంతటదే గుర్తుకొస్తోంది. బడికి ఫోన్ చేస్తే, నా క్లాసులకు వేరే టీచరు వచ్చేసిందన్నారు.

పొద్దున్నే మాత్ర మింగి కూర్చుంటాను. నేను తాగందే తనూ తాగనని అత్తగారు ఎదురుగా కూర్చుంటారు. ఆ గంట ఎలా గడపాలో ఇద్దరికీ తెలియదు. ఒకప్పుడు నేను బడికి బస్సు కోసం పరుగెత్తిన గంట అది.