పొద్దువాలాక వినిపించే పిలుపు

ఎనభైల మొదట్లో, మా మావయ్యగారు అమెరికాలో, నోవై ఊళ్లో మా ఇంటికొచ్చిన మొదటి చలికాలం అది. ఆయన బర్మా యుద్ధంలో రోడ్లు, వంతెనలు వేసిన సిపాయి. ఆ ఇంగ్లీషువాళ్ల సైన్యం కథ వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. ఓడి వెనక్కొచ్చినవాళ్లనీ కొత్తగా చేరినవాళ్లనీ కలిపి దాన్ని తయారుచేశారట. పంజాబీలు, గూర్ఖాలు, ఆఫ్రికావాళ్లు, తెల్లవాళ్లు, మన గుంటూరువాళ్లు, అందరూ ఉండేవారట. తూటాలకంటే మలేరియాకే ఎక్కువమంది పడిపోయేవారట. మాత్రలు మింగీ మింగీ ఒళ్లు పసుపుపచ్చగా తిరిగేదట. చివరికి ఆ సైన్యమే కంచరగాడిదలతో కొండలు దాటి జపానువాళ్లను తరిమింది.

"మమ్మల్ని ఎవరు తలుచుకుంటారమ్మాయ్, ఐరోపాలో జరిగిందే యుద్ధం" అనేవారు.

మా నాలుగేళ్ల పాపకి ఆ కథలంటే ప్రాణం.

ఒక సాయంత్రం మావారింకా ఫ్యాక్టరీ నుంచి రాలేదు. నేను వంట చేస్తున్నాను. ఇల్లు మరీ సద్దుమణిగిందనిపించి హాల్లోకి వస్తే తాతా మనవరాలూ లేరు. వెనకతలుపు తీసి ఉంది. పాప స్నో బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి.

బయట వెలుతురు పోతోంది. మంచు పడి అడుగుల జాడలు పూడిపోయాయి. "పాపా" అని పిలిచాను. "మావయ్యగారూ" అని పిలిచాను. ఎవరూ పలకలేదు. పెరడు దాటితే వాననీటి కాలువ, పైన పలచటి ఐసు. ప్రభువా అనుకుంటూ ఒడ్డువైపు పరిగెత్తాను.

కాలువ ఇవతల చెట్ల కింద చిన్న దగ్గు వినిపించింది. గుంటలో మావయ్యగారు నక్కి కూర్చున్నారు. ఆయన కోటులో పాప, రెండు చేతులతో తన నోరు తనే మూసుకుని ఉంది. ఆయన నన్ను ఎవరినో చూసినట్టు చూశారు.

"పొద్దువాలాక జపానువాళ్లు అచ్చం మనవాళ్లలాగే పిలుస్తారు. మావాడొకడు పలికాడు. పలికిన చోటే కాల్చారు" అన్నారు గుసగుసగా.

అరిస్తే పాపతో కాలువలోకి పరిగెడతారేమోనని భయమేసింది. మంచులోనే చతికిలబడ్డాను.

"వంకాయ కూరలో ఉప్పు చాలిందో లేదో చూసి చెప్పండి మావయ్యగారూ."

చాలాసేపు నా మొహం చూశారు. తర్వాత మెల్లగా పాపని అందించారు.

ఇంట్లో పాపని ఒళ్లో కూచోబెట్టుకుని, గోరువెచ్చని నీళ్లలో దాని కాళ్లు పెట్టి, "అమ్మ పిలుస్తుంటే ఎందుకు పలకలేదే?" అని అడిగాను.

"తాతయ్య చెప్పాడు, అది మమ్మీ కాదు, మమ్మీలా టాక్ చేస్తున్నారు అని."

ఆ మాట అంటూనే నా ఒళ్లోంచి కాస్త వెనక్కి జరిగి, నా మొహంలోకి చూసింది.