తుమ్ముకు ఆగిన కుక్క

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కదలబోతుండగా ఎవరో తుమ్మారు. పెట్టెలతో పరుగెత్తుకొస్తున్న కుటుంబం మొత్తం ఆగిపోయి, సీసా తీసి తలో గుక్క నీళ్లు తాగి, తీరిగ్గా తలెత్తేసరికి బండి వెళ్లిపోయింది. నాకు జాలి కలగలేదు. బాపట్ల కుక్క గుర్తొచ్చింది.

మా చెల్లెలి కూతురికి పుట్టుకతో చూపు లేదు. తెనాలిలోనే ఉద్యోగం, ఎవరి చేయీ పట్టుకోకుండా ఒక్కతే నడిచి ఆఫీసుకు వెళ్లాలని ఆ పిల్ల కోరిక. చూపులేనివారికి దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థ ఒకటి, వాటిని చిన్నప్పుడు పెంచి మనుషులకూ రోడ్లకూ అలవాటు చేసే పని కాలేజీ విద్యార్థులకు అప్పగిస్తుంది. అలా బాపట్లలో సైన్సు చదివే కుర్రాళ్ల గదిలో ఒక కుక్కపిల్ల పెరిగింది. వాళ్లను చూసి, యౌవనంలో రేపల్లె వీధుల్లో శకునాలు నమ్మొద్దని గొంతు చించుకుని పేడముద్దలతో సన్మానం పొందిన మా తరం కష్టం (మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది) ఊరికే పోలేదని మురిసిపోయాను కూడా.

జోడీ కుదురుతుందేమో చూద్దామని సంస్థ శిక్షకుడు ఆ కుక్కనూ, పెంచిన కుర్రాణ్ణీ వెంటబెట్టుకుని తెనాలి వచ్చాడు. మేనకోడలు కుక్క పట్టీ పట్టుకుని ముందు నడుస్తోంది, మేమంతా వెనక. సగం రోడ్డు దాటేసరికి మా చెల్లెలు తుమ్మింది. కుక్క ఠక్కున ఆగింది. ఎదురుగా ఇసుక లారీ. శిక్షకుడు ఒక్క ఊపున ఇద్దరినీ పక్కకు లాగాడు.

"చూశావా అన్నయ్యా, నోరులేని జీవానికి తెలిసింది, నీకు తెలీలా!" అంది చెల్లెలు.

"దానికి నీ తుమ్ము తెలిసిందమ్మా, లారీ తెలీలా," అంది మేనకోడలు.

శిక్షకుడు కుర్రాణ్ణి నిలదీశాడు.

"ఒట్టండి సార్, మేం నేర్పలేదు."

"ఎవరైనా తుమ్మితే మీరేం చేస్తారు?"

"ఏముందండి, అందరిలాగే కాసేపు ఆగుతాం."

తుమ్మంటే ముక్కులో నలుసును ఒళ్లు బయటికి తోసెయ్యడమేనని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఘనుడే ఈ మాట అన్నాడు. వాళ్లు చదివే పాఠాలు కుక్కకు అక్కర్లేదు. వాళ్ల కాళ్లు చూసి నేర్చుకుంది.

సంస్థవాళ్లు కొన్నాళ్లు కష్టపడి ఆ అలవాటు మాన్పించి, తీసుకోమన్నారు. ఆ తెలివి తీసేసిన కుక్క తన గడప తొక్కడానికి వీల్లేదని చెల్లెలు భీష్మించింది. అది మరో ఊళ్లో మరెవరికో దారి చూపిస్తోంది.

మా రోజుల్లో మూఢులు కనీసం మాతో పోట్లాడేవాళ్లు. ఇప్పటివాళ్లు "నిజమేనండి" అని తలూపి, తుమ్ము వినగానే ఆగుతారు. ఇన్నేళ్లలో నా కళ్లముందు మారిన ప్రాణి ఆ కుక్క ఒక్కటే. మేనకోడలు ఈనాటికీ తల్లి చేయి పట్టుకునే ఆఫీసుకు వెళుతుంది; తల్లి తుమ్మినప్పుడల్లా, ఎక్కడుంటే అక్కడ, ఆగుతుంది.