తాడు పట్టుకున్నవారి వాటా

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా తీరంలో చిన్న మత్స్యకార గ్రామం. అక్కడ పెద్ద వలను ఒడ్డున నిలబడి లాగుతారు. పడవ వెళ్ళి వలను సముద్రంలో వంపుగా దింపి వస్తుంది. దాని రెండు చివరల తాళ్ళూ ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. లాగడానికి పూటంతా పడుతుంది. వల ఒడ్డుకు చేరాక, తాడు పట్టుకున్న ప్రతి మనిషికీ చేపలిస్తారు. ఎంతసేపు పట్టుకున్నావని అడగరు. ముసలివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, జబ్బుచేసి లేచినవాళ్ళు చివర్లో వచ్చి తాడు మీద చెయ్యి వేస్తే వాళ్ళకీ ఇస్తారు. దాన్ని దానమని ఎవరూ అనరు. తాడు పట్టుకున్నారు కాబట్టి వాటా వచ్చింది, అంతే.

పెళ్ళైన కొత్తలో నాకిది తెలియదు. నేను రాజాంలో పెరిగి, అక్కడే కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. అత్తవారింటికి వచ్చిన మొదటిసారి, సరదాకి కాసేపు తాడు పట్టుకున్నాను. వల నడిపి వాటాలు పంచే వల పెద్ద నా భార్యకు మేనమామ. ఆయన వచ్చి నా చేతిలో రెండు కానాగంత చేపలు పెట్టాడు. నేను వద్దన్నాను. ఆయన నా ముఖం చూశాడు. నా భార్య మెల్లగా చెప్పింది.

"తాడు ముట్టుకున్నారు కదా, మరి తీసుకోండి. వద్దంటే మా మావకి సిన్నతనంగుంటాది."

ఆమె మిషన్ స్కూలు హాస్టల్లో చదువుకుని నర్సు అయిన మనిషి. రాజాంలో పుస్తకాల తెలుగు మాట్లాడేది. సొంత ఊరి బస్సు దిగగానే ఊరి మాట వచ్చేసేది.

ఆ చేపల్ని ఆమే పులుసు పెట్టింది. నడిమి ముక్కలు నాకు వేసి, తలకాయలు తన కంచంలో వేసుకుంది. తర్వాత మా కాపురమంతా అలాగే జరిగింది. తలకాయలెప్పుడూ తనకే. ఒకటి రెండుసార్లు వద్దన్నాను. "మీకు ముళ్ళు తియ్యడం రాదు" అనేది. మంచి ముక్కలు భర్తకు పెట్టి మిగిలినవి తాను తినే ఆడవాళ్ళను మా ఇంట్లో చూసి పెరిగాను. ఇదీ అలాంటిదేనని అనుకునేవాణ్ణి. అప్పుడప్పుడూ మనసుకు బాధగా ఉండేది.

ఆమె పోయింది. జబ్బు గురించి ఇక్కడ రాయను.

పోయిన తర్వాత కూడా నేను ఆదివారాలు ఆ ఊరు వెళ్ళడం మానలేదు. అక్కడ మా వదిన ఉంది, నా భార్యకు అక్క. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేది. ఒకసారి ఆటో బోల్తాపడి భుజం దెబ్బతింది. చెయ్యి పైకి లేవడం మానేసింది. గంప ఎత్తడం కుదరలేదు. అప్పటినుంచి ఆమె వల దగ్గరికి వెళ్ళి తాడు మీద ఎడమచెయ్యి వేసేది. వచ్చిన చేపల్లో కూరకు కొన్ని ఉంచుకుని మిగిలినవి అక్కడే కొనేవాళ్ళకి ఇచ్చేసేది. ఆమెకు గడిచేది దానితోనే. నేను ఏమైనా ఇవ్వబోతే వినపడనట్టు ఉండేది.

ఈలోగా ఊరికి తారురోడ్డు పడింది. రెండు వేల పదిహేను, పదహారు ప్రాంతాల్లో ఫోన్లలో ఆ ఒడ్డు ఫోటోలు తిరగడం మొదలైంది. మొదట శ్రీకాకుళం నుంచి మోటారుసైకిళ్ళ మీద కుర్రవాళ్ళు వచ్చారు. తర్వాత విజయనగరం, బొబ్బిలి నుంచి కార్లు, కార్తీకమాసంలో పిక్నిక్ బస్సులు. ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో పాట ఎత్తుకునే సమయానికి బయట కారు స్పీకర్లు మొదలయ్యేవి. పాస్టరుగారు కొన్ని వారాలు కిటికీలు మూయించి చూశారు. ఉక్క భరించలేక మళ్ళీ తెరిపించారు. అప్పటినుంచి మా వాళ్ళే గట్టిగా పాడడం అలవాటు చేసుకున్నారు. ఇసుకలో సీసాపెంకులు పెరిగాయి. నూడుల్సు బండ్లు, కొబ్బరిబొండాల బండ్లు కూడా పెరిగాయి. ఊళ్ళో కొందరికి దానితో నాలుగు డబ్బులు వచ్చాయి.

వచ్చినవాళ్ళందరికీ వల లాగడం నచ్చింది. ఒకరు తాడు పట్టుకుంటే ఒకరు ఫోటో తీసేవారు. ఫోటో అయ్యాక నవ్వుకుంటూ వదిలేసేవారు. వల పెద్ద మాత్రం అందరినీ గుర్తుపెట్టుకుని, వల ఒడ్డుకొచ్చాక వెతికి మరీ వాళ్ళ చేతుల్లో చేపలు పెట్టేవాడు. ఊళ్ళోవాళ్ళ కుప్పలు చిన్నవయ్యాయి.

ఒక ఆదివారం సాయంత్రం కార్లన్నీ వెళ్ళిపోయాక, వలలు పెట్టుకునే పాకలో అందరూ కూర్చున్నారు. వదిన వెంట నేనూ వెళ్ళాను. పడవ మీద వెళ్ళే కుర్రవాడొకడు గోనెపట్టా తెచ్చి మధ్యలో విప్పాడు. చేపలు. ఇసుక అంటి, చీమలు పట్టి ఉన్నాయి.

"మావా, ఇయ్యేటో సూడు. సరుగుడు తోటలో దొరికినాయి. కారెక్కేముందు ఇసిరీసి పోనారు. పొద్దున్న నువ్వు ఆల సేతుల్లో ఎట్టినయ్యే."

వల పెద్ద వాటిని చాలాసేపు చూశాడు. "ఆల సేప. ఆలిట్టం" అన్నాడు చివరికి. గొంతులో ఆ మాట మీద నమ్మకం లేదు.

"ఇట్టమేటి మావా? ఫోటోకి పట్టుకున్నోడికి కూడా వాటా ఇత్తే మనకేటి మిగుల్తాది? పొద్దుట్నుంచీ లాగినోళ్ళకే వాటా అని ఇయ్యాల్టితో సెప్పీ."

"ఎవుడు లాగినాడు, ఎవుడు ఊరికే పట్టుకున్నాడు, నానెలగ సూసీది? తాడు వచ్చి సెప్తాదేటి?"

"మాకు తెల్దేటి?"

అప్పుడు మా వదిన అందుకుంది. "అయితే ముందు నన్ను తీసీండి. నానూ ఫోటోకే పట్టుకుంతన్నాను. నాకు ఫోటో తీసీవోడే లేడు."

పాకంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"నవ్వుతారేటి? నా బుజం లాగదు. మీకందరికీ తెలుసు. సెయ్యేస్తన్నాను, ఇస్తన్నారు. ఆ రూలెడితే మొదట పోయీది నానే."

"నిన్నెవులన్నారత్తా?" అన్నాడు కుర్రవాడు, కొంచెం తగ్గి.

"నువ్వే అన్నావు. మాట సూసుకో."

వచ్చే ఆదివారం వల ఎత్తాక చెబుతానని వల పెద్ద లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు వదినను అడిగాను, రాజాం వచ్చి మా ఇంట్లో ఉండమని. అడగడం అది మొదటిసారి కాదు. వాటా పోతే ఇక్కడ ఎలా గడుస్తుందన్నాను.

"మీ ఇంట్లో కూకుని ఏటి సెయ్యాలి మరిదీ? నీ పుస్తకాలు దులపాలా?"

"దులిపేవాళ్ళు లేరు కదా."

"దులిపీది పోయింది. నానైతే దులపను." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "నా పొయ్యి నాను ఎలిగించుకున్నన్నాళ్ళు రాను. మరింక అడక్కు."

తర్వాతి ఆదివారం చర్చి నుంచి నేరుగా ఒడ్డుకు వెళ్ళాం. వదిన తాడు మీద చెయ్యి వేసింది. ఆమె పక్కన విజయనగరం నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు పట్టుకున్నారు. ఫోటోలు తీసుకున్నారు. కాని వదిలి వెళ్ళలేదు. పిల్లలకు లాగడం సరదాగా ఉన్నట్టుంది. వల ఒడ్డుకు చేరింది. ఆ రోజు బాగా పడింది. వల పెద్ద ఎప్పటిలాగే వచ్చి ఆ భార్య చేతిలో నాలుగు కానాగంతలు పెట్టాడు. ఊరి కుర్రవాళ్ళు దూరం నుంచి చూస్తూ నిలబడ్డారు. ఆమె ఆ చేపల్ని చీరకు తగలకుండా ఒంటికి దూరంగా పట్టుకుని, భర్త వైపు చూసింది. భర్త కారు వైపు చూశాడు.

వదిన ఆమె చేతుల్ని చూస్తోంది. "ఏటమ్మా, తోటలో పారీడానికేనా?" అని అడిగేసింది.

"అయ్యో, కాదండీ. కారులో వాసన వస్తుందేమోనని..."

"వాసన నేకపోతే అది సేపెలగవుతాది? నా ఇల్లు అదే. రండి, వండి పెడతాను. తినెల్లిపోండి."

వాళ్ళు మొహమాటపడ్డారు. భర్త జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బులేటి బావూ? సేపలు మీయి, ఉప్పూ కారం నాయి. తలకాయలు నాకొదిలీండి, సాలు."

"తలకాయలు మేం తినమండీ" అంది ఆమె, తేలిగ్గా ఊపిరి తీసుకుని.

వదిన ముఖంలో ఒక నవ్వు వచ్చి వెంటనే సర్దుకుంది. అది ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

భుజం లేవకపోయినా పొయ్యి దగ్గర ఆమె చేతులకు ఏ లోటూ లేదు. చింతపండు నేను పిసికాను. వాళ్ళు అరుగు మీద కూర్చుని తిన్నారు. పిల్లలకు ముళ్ళు వదినే తీసి పెట్టింది. వెళ్ళేటప్పుడు ఆ భార్య, "మళ్ళీ వస్తే వండుతారా?" అని అడిగింది. "తాడు పట్టుకుంటే వండుతాను" అంది వదిన.

ఆ సాయంత్రం పాకలో వల పెద్ద ఎక్కువ మాట్లాడలేదు.

"తాడు ముట్టుకున్నోడికి వాటా. అది తియ్యను. పై ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళకి కారుకొక వాటా. ఆ సేప ఊళ్ళోనే వండించుకుని తినాల. తోట దాటకూడదు."

"వండీదెవులు?" అన్నాడు కుర్రవాడు.

"మీ అత్తుంది కదా. అదేటి, తలకాయలు తినీసి కూకుంటాదేటి?"

తలకాయల బేరం అందరికీ అప్పటికే తెలిసిపోయింది. ఈసారి వదిన కూడా నవ్వింది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. సీసాపెంకులు తగ్గలేదు. సరుగుడు తోటలో సగానికి ఎవరో ముళ్ళకంచె వేశారు. రిసార్టు వస్తుందన్నారు, ఇప్పటికైతే కంచె మాత్రమే ఉంది. వండిపెట్టే ఇళ్ళు ఒకటి నుంచి నాలుగైదు అయ్యాయి. దానితో తగువులు వచ్చాయి. ఎదురింటామె రోడ్డు మొదట్లోనే నిలబడి కార్లను ఆపేస్తోందని వదిన వారం వారం ఫిర్యాదు చేసేది. అన్నానికీ నూనెకూ వచ్చినవాళ్ళు ఇచ్చింది తీసుకోవడం ఆమె కూడా మొదలుపెట్టింది. కాని తలకాయల షరతు మాత్రం వదులుకోలేదు. కొత్త కొలాయి, ఒక ఫ్యాను, పులుసు వండడానికి పెద్ద దాక వచ్చాయి. ఆమె ఇల్లు ఆమెదిగానే ఉంది. రాజాం రమ్మని నేను మళ్ళీ అడగలేదు.

ఆ చలికాలం ఒక ఆదివారం, ఒడ్డున ఊరికే కూర్చుని ఉన్న నన్ను వదిన పిలిచింది.

"ఓ మాస్టారూ. వారం వారం కూకుని తినెల్లిపోతన్నావు. తాడట్టుకో."

నా భార్య పోయాక నేను తాడు ముట్టుకోలేదు. వెళ్ళి పట్టుకున్నాను. తడి తాడు బరువుగా, గరుకుగా ఉంది. చివర్లో వల పెద్ద నా చేతిలో రెండు చేపలు పెట్టాడు. ఈసారి వద్దనలేదు.

వదిన పులుసు పెట్టింది. నడిమి ముక్కలు నాకు వేసి, రెండు తలకాయలూ తన కంచంలో వేసుకుంది. చూస్తూ ఉండలేక చెప్పాను, నా భార్య కూడా నాకు ముళ్ళు తియ్యడం రాదంటూ అన్నేళ్ళూ అలాగే తలకాయలు తిని మంచి ముక్కలు నాకు పెట్టిందని, అది తలుచుకుంటే బాధగా ఉంటుందని.

వదిన తినడం ఆపి నన్ను చూసింది. తర్వాత పొలమారేంతగా నవ్వింది.

"బాదేటి మరిదీ? తలకాయంటే దానికి పేనం. సిన్నప్పుడు తలకాయ కోసం నన్ను కొరికీసింది, ఇదిగో, ఇక్కడ." మోచేతి కింద చిన్న మచ్చ చూపించింది. "నీకు ముళ్ళు రావని సెప్పి అన్నీ అదే తినీసిందా? దొంగముండ."

నేను కూడా నవ్వాను. చాలాసేపు నవ్వాను. తర్వాత ఒక తలకాయ నా కంచంలో వెయ్యమన్నాను.

"నీకెందుకు? నువ్వూ టూరిస్టువే" అని కంచం పక్కకు జరుపుకుంది. కాసేపు ఆగి, చిన్నది ఏరి నా కంచంలో వేసింది. ఎలా తినాలో తెలియక చూస్తుంటే, ఎక్కడ నొక్కితే విడిపోతుందో వేలితో చూపించింది.