మా తొండ పగ

మా మునిమనవరాలు చదువుతున్న జపాను బొమ్మల పుస్తకాన్ని నిన్న మధ్యాహ్నం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కొత్త కాగితం వాసన తప్ప ఇంకేమీ లేదు. దాన్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టి వెనక్కి చదవాలట. రాకెట్లో కట్టేసి ఆకాశంలోకి పంపేసిన ఒక పిల్లి, తనను పంపినవాళ్ళ మీద పగ తీర్చుకోవడానికి చుక్కల్లోంచి తిరిగొస్తోందట. ఈ భాగం అయిపోయినా అది ఇంకా కిందికి దిగలేదని పిల్లదానికి బెంగ. ఇలాంటి బొమ్మల కథ నేను ఎనిమిదేళ్ళప్పుడే వేశానంటే నవ్వింది. నవ్వితే నవ్వనీ. నా పుస్తకానికి ఇంగువ వాసన ఉండేది.

మాది గజపతినగరం బజారులో కిరాణా కొట్టు. అవి యుద్ధం రోజులు, విశాఖపట్నం వదిలి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు మా వీధిలో తలదాచుకున్న రోజులు. జపానువాళ్ళు బాంబులేస్తారని తెలుసు గానీ బొమ్మలేస్తారని మాకెవరూ చెప్పలేదు. కాగితానికి కరువు. పొట్లాలు కట్టే కాగితాల్లో ఒక వైపు ఖాళీగా ఉన్నవాటిని నాన్న కన్నుగప్పి దాచుకునేదాన్ని. ఇంగువ, బెల్లం, ఎండుమిరపకాయలు కలగలిసిన వాసన వేసే ఆ కాగితాల మీద దీపం మసితో గీతలు గీసి, ఎండకు పసుపు, ఆకాశానికి నీలిమందు, కోపానికి కుంకుమ పులిమేదాన్ని. వానలు వెనకబట్టి పెరటి జెముడు కంచె మీద ఎండ పడగానే ఒక ముసలి తొండ వచ్చి కూర్చుని, మెడ ఎర్రగా చేసుకుని, ఎవరినో మందలిస్తున్నట్టు తలాడించేది. మా మామ్మ, అంటే నాన్నను కన్న తల్లి, అచ్చం అలాగే తలాడించేది గనక నాకా తొండంటే ప్రాణం.

అంత ప్రాణమైనదాన్ని పట్టిచ్చింది కూడా నేనే. మా చిన్నన్నకు పన్నెండేళ్ళు. దీపావళి వస్తోందంటే సూరేకారం, గంధకం, బొగ్గుపొడి నూరి, వెదురు గొట్టాల్లో దట్టించి తారాజువ్వలు కట్టేవాడు. చేతులూ ముక్కూ నల్లగా చేసుకుని, ఎండబెట్టిన జువ్వల మీద ఎవరి నీడా పడనిచ్చేవాడు కాదు. ఆ ఏడు వాడికి విమానాల పిచ్చి పట్టింది. మనిషి ఎక్కే జువ్వ కడతాననీ, ముందు ఒక జంతువును పంపి చూడాలనీ అన్నాడు. తొండ ఏ వేళకు ఎక్కడ కూర్చుంటుందో చెబితే నన్నే వెలిగించనిస్తానన్నాడు. చెప్పేశాను. కొబ్బరీనెకు ఉచ్చు కట్టి దాన్ని పట్టి, తాటాకు బుట్టలో పెట్టి జువ్వకు కట్టి, పట్టపగలు వెలిగించాడు. వెలిగించినవాడు వాడే, నేను కాదు. జువ్వ కొట్టు కప్పు దాటి పోయి చెరకు తోటలో పడింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే కమిలిన బుట్ట ఉంది, తొండ లేదు.

"సుక్కల్లోకి ఎల్లిపోనాదే," అన్నాడు చిన్నన్న.

ఆ సాయంత్రం ఒళ్ళు మండి పదకొండు కాగితాలు నింపి పురికొసతో కుట్టాను. తొండ చుక్కల మధ్య తిరిగి బలం తెచ్చుకుని, ఆఖరి కాగితంలో నిద్రపోతున్న చిన్నన్న గుండెల మీద వచ్చి వాలింది. దాని మెడకు భరిణెలోని కుంకుమ సగం పట్టింది. చూపిస్తే వాడు పగలబడి నవ్వాడు. దీపావళి వెళ్ళిన మర్నాడు వాడికి జ్వరం తగిలింది. రెండో రోజుకి కలవరింతలు.

"తీసీయే... గుండెల మీద కూకున్నాది."

డాక్టరు వచ్చి మందిచ్చాడు, అమ్మ తడిగుడ్డలు వేసింది. జ్వరమెందుకొచ్చిందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. చిన్నన్న పోతే చంపింది నా బొమ్మే అవుతుందని అన్నం సయించేది కాదు.

నాగుల చవితి నాడు మామ్మ నన్ను పుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. పాలు పోసి, చలిమిడీ నువ్వుల చిమ్మిలీ పెట్టి, మా పిల్లలు తెలీక తోక తొక్కితే మనసులో పెట్టుకోవద్దని నాగరాజును వేడుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకుంటే తిట్టలేదు.

"తొండకి కూడా సెప్పుకోవచ్చా, మామ్మా?" అని అడిగాను.

మామ్మ తలాడించింది. "సెప్పుకో. తప్పు మనం సేసినప్పుడు, వినీది పామయితేనేటి, తొండయితేనేటి."

జెముడు కంచె కింద చిమ్మిలి ఉండ పెట్టి, చూపించింది నేనేనని పైకి చెప్పాను. ఇంటికొచ్చి ఆఖరి కాగితం చింపి కొత్తది వేశాను. అందులో చిన్నన్న పక్కన నేనూ చేతులు జోడించి నిలబడ్డాను. తొండ మా ఇద్దరినీ చూసి కంచెక్కి తన చోట కూర్చుంది. కాలుతున్న చేత్తో చిన్నన్న ఆ కాగితాన్ని పట్టుకుని చూశాడు.

"నువ్వూ ఉన్నావేటే ఇందల?"

"సూపించినది నేనే కదా," అన్నాను.

కాగితం తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. ఇంకో మూడు రోజులకు జ్వరం దిగింది. అది మందు గొప్పదనమంటే నేను పేచీ పెట్టుకోను. లేచిన రోజు నా భుజం పట్టుకుని కంచె దాకా నడిచాడు. అక్కడొక తొండ ఉంది, తోక సగమే ఉంది. అదేనని నేనన్నాను, చిన్నన్న బతికినన్నాళ్ళూ కాదనలేదు. తొండ కనబడితే రాయి తీసే మనిషి, ఆ పూట దానికేసి మెల్లగా తలాడించాడు.

ఇప్పుడు చిన్నన్న లేడు. జెముడు కంచె ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది, పొట్లం కట్టే చేతులు పోయాయి, నా పదకొండు కాగితాలనూ చెదలు తిన్నాయి. ఇదంతా చెబితే పిల్లది ఈసారి నవ్వలేదు. పుస్తకం అట్ట లోపలి తెల్ల కాగితం తిప్పి పెన్సిలు తీసుకుంది. చుక్కల్లోంచి పిల్లి దిగింది. దాన్ని పంపినవాళ్ళు చేతులు జోడించి నిలబడ్డారు. నేను లేచి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి పక్కన పెట్టాను.

"వద్దు తాతమ్మా," అంది తలెత్తకుండా. "పసుపు తే."