ఇంటర్న్‌షిప్పు ఎక్కిన రోజు

మా డిగ్రీలో చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ చేయకపోతే పట్టా చేతికి రాదు. కామర్స్ వాళ్లను బ్యాంకులు పిలిచాయి. ఇంగ్లీషు సాహిత్యం చదివిన మమ్మల్ని ఎవరూ పిలవలేదు. "కమ్యూనికేషన్ స్కిల్సే మీ ఆస్తి" అని మా సార్ ధైర్యం చెప్పారు. ఆ ఆస్తి ఎక్కడ చెల్లుతుందో మాత్రం చెప్పలేదు. గడువు వారం ఉందనగా భద్రాచలంలో ట్రావెల్స్ ఆఫీసు నడిపే నాగమణి మేడం ఫోనులో సరేనన్నారు. అయితే ముందు ఒకరోజు యాత్రికులకు పర్ణశాల చూపించి ఇంగ్లీషులో చెప్పాలి. వాళ్లకు అర్థమైతేనే నన్ను ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటున్నట్టు ఉత్తరం ఇస్తారు.

ఉదయం ఆరింటికి ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కి, ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు పట్టుకున్నాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, డబ్బు కట్టక్కర్లేదు. అమ్మ కట్టిచ్చిన ఇడ్లీలు కొత్తగూడెం రాకముందే అయిపోయాయి. అక్కడ ఒక పెద్దమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. పర్ణశాలలో వాగు దగ్గర వెదురు బుట్టలు అమ్ముతుందట.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"ఇంటర్న్‌షిప్‌కు పెద్దమ్మా."

"మా గోదాట్ల లాంచీలే ఉన్నయ్. షిప్పు ఎప్పుడొచ్చింది?"

నవ్వు ఆపుకుని వివరంగా చెప్పాను.

"అంటే జీతం లేని కొలువు. గా ముక్క ముందే చెప్పరాదు?" అంది.

పాల్వంచ దాటాక అడవి మొదలైంది. నేను మాత్రం తల ఎత్తకుండా, రాత్రంతా రాసుకున్న ఇంగ్లీషు ప్రసంగం బట్టీ పట్టాను. మీరు వెళితే ఆ తప్పు చేయకండి.

తొమ్మిదీ ముప్పావుకు భద్రాచలంలో దిగాను. బస్టాండు ఎదురుగా ఉప్మా బాగుంది, చట్నీ కారం ఎక్కువ. పదకొండుకు మేడం నన్ను బెంగళూరు నుంచి వచ్చిన రిటైర్డు దంపతులతో కారులో కూర్చోబెట్టి, తనూ ముందు సీట్లో కూర్చున్నారు. గంటలో పర్ణశాల చేరాం.

వాగు ఒడ్డున సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పే రాళ్లున్నాయి. గొంతు సవరించుకుని, "సీతాస్ బార్క్ ఇక్కడే ఉండేది" అని ఇంగ్లీషులో అందుకున్నాను. చెట్టు నారకు నిఘంటువులో దొరికిన మాట అది. పెద్దాయన భార్య వైపు చూసి, "సీత దగ్గర కుక్క ఉండేదా?" అన్నాడు. బార్క్ అంటే మొరగడం కూడా అని అప్పుడు తట్టింది. మేడం మొహం చూసే ధైర్యం లేక వాగులోకి చూశాను. ఉత్తరం చేజారినట్టే అనిపించి ఏడుపొచ్చింది.

పక్కనే బుట్టలు పరిచిన బస్సు పెద్దమ్మ నా అవస్థ చూసింది. ఒక కొమ్మ తీసి, బెరడు చీరి, పోగు లాగి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత ఇంకో పోగును తన నడుముకు చుట్టి చూపించింది. "గిట్ల చెప్పు బిడ్డా."

బట్టీ పట్టినదంతా వదిలేసి, చెట్టు తోలు నుంచి తీసిన దారంతో నేసిన బట్ట అని చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో చెప్పాను. పెద్దాయన భార్య ఆ పోగును వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ నన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. మూడేళ్ల చదువులో నన్ను ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

భద్రాచలం తిరిగొచ్చాక, నాలుగున్నర బస్సుకు మేడం కవరు ఇచ్చి పంపించారు. ఈసారి కిటికీ పక్క సీటు దొరికింది. అడవి మీద ఎండ వాలుతోంది. కవరు విప్పాను. నన్ను రెండు నెలలకు 'ఇంటర్న్ షీప్'గా తీసుకుంటున్నట్టు స్పష్టంగా టైపు చేసి ఉంది. పెద్దమ్మ నన్ను షిప్పు ఎక్కించింది, మేడం గొర్రెను చేశారు. నవ్వబోయి, కుక్కను మొరిగించింది నేనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను. కానీ ఇలా ఇస్తే కాలేజీలో తీసుకోరు. పాల్వంచలో సిగ్నల్ అందగానే భయం భయంగా ఫోన్ చేశాను.

"మేడం, ఉత్తరంలో ఒక్క అక్షరం..."

"తప్పుందా? దిద్ది పంపు, సంతకం పెడ్తా," అన్నారు మేడం. "నిన్ను పెట్టుకున్నది గందుకే గదమ్మా."